చెల్లి గుండెకు ముప్పై ఆరు

శాతం అనే మాట వింటే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరికైనా చెబితే నవ్వుతారు, ఎందుకంటే నేను తినే అన్నం ఆ మాట పెట్టిందే. దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షలకూ గ్రూప్ పరీక్షలకూ కోచింగ్ ఇచ్చే ఒక చోట అంకగణితం చెబుతాను. పూర్ణసంఖ్యలు, భిన్నాలు, శాతాలు, మళ్ళీ మొదటి నుంచి పూర్ణసంఖ్యలు. బస్టాండు నుంచి మెట్రో స్టేషను దాకా తలెత్తి చూస్తే గోడలనిండా శాతాలే. నూటికి నూరు శాతం ఉద్యోగం, యాభై శాతం ఫీజు రాయితీ, తొంభై తొమ్మిది శాతం ఫలితాలు. ఆ బోర్డుల కిందినుంచే నడిచి లోపలికెళ్ళి, మొదటి రోజే పిల్లలకు చెబుతాను. "శాతం కనపడగానే దేనిలో శాతం అని అడగండి. అడగకపోతే మీ నెత్తిన ఎవడో ఒకడు టోపీ పెడతాడు." పిల్లలని అలవాటుగా అంటాను గానీ, వాళ్ళలో పెళ్ళయినవాళ్ళు, బట్టతల వచ్చినవాళ్ళు కూడా ఉంటారు. అందరూ రాసుకుంటారు.

నా చెల్లెలు మాత్రం ఏనాడూ రాసుకోలేదు.

మేం కొత్తపేటలో పెరిగాం. నాన్న ఉద్యోగం మీద కృష్ణా జిల్లా నుంచి వచ్చి, పళ్ళ మార్కెట్టు వెనక సందులో రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు. మార్కెట్టు ఇప్పుడక్కడ లేదు, ఎత్తేశారు. అప్పుడు మాత్రం బత్తాయిల కాలం వస్తే సందంతా అదే వాసన, మా పుస్తకాలు కూడా అదే వాసన. చెల్లికి లెక్కలంటే జ్వరం వచ్చేది. భిన్నాలు చెప్పడానికి నేను బత్తాయి ఒలిచి ముందు పెట్టేదాన్ని. "చూడు, పది తొనలున్నాయి. ఒకటి తింటే ఎన్నో వంతు తిన్నట్టు?" అది తొనల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసేది. "అన్నీ ఒక్క సైజు లేవు కదక్కా. పెద్ద తొన తిన్నవాళ్ళదీ పదోవంతే, చిన్న తొన తిన్నవాళ్ళదీ పదోవంతే ఎలా అవుతుంది?" నాకు చిర్రెత్తుకొచ్చేది. వేలెడంత లేదు, ప్రశ్నలకేం తక్కువ లేదనుకునేదాన్ని. ఈ లోపల అది తొనలన్నీ నోట్లో వేసేసుకునేది. పాఠం అక్కడితో అయిపోయేది.

పదో తరగతి లెక్కల్లో దానికి ఇరవై ఎనిమిది వచ్చాయి. మా ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగించలేదని చెప్పను గానీ, వెలిగించినా ఎవరమూ తినలేదు. నాన్న దానితో మాట్లాడటం మానేశాడు. సప్లిమెంటరీకి నేనే కూచోబెట్టాను. ఎండాకాలం, ఫ్యాను తిరిగితే కాగితాలు ఎగిరేవి, తిరగకపోతే మేం ఉడికిపోయేవాళ్ళం. చివరికి దానికి ముప్పై ఐదు వచ్చింది. సరిగ్గా పాస్ మార్కు. దిద్దినాయన జాలిపడి తోసి ఉంటాడని అందరికీ తెలుసు. దానికి కూడా తెలుసు. అయినా నాన్న ఆ సాయంత్రం మైసూర్ పాక్ డబ్బా తెచ్చి దాని చేతికిచ్చి, సందులో అందరికీ పంచి రమ్మన్నాడు. నాకు తొంభై ఎనిమిది వచ్చినప్పుడు మిగతా రెండూ ఎక్కడ పోయాయని అడిగిన మనిషి ఆయన. ఆ రోజు నుంచి చెల్లికి ముప్పై ఐదు అంటే గొప్ప నమ్మకం. ఆ గీత దాటితే ఇంక ఎవరూ ఏమీ అడగరు, ఇంట్లో నవ్వుతారు, మిఠాయి పంచుతారు. లెక్కల్లో అది నేర్చుకున్నది అదొక్కటే అనిపిస్తుంది నాకు.

తరవాత అది నల్లగొండ అబ్బాయిని ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. అతను స్కూలు వ్యాను నడుపుతాడు. మంచివాడు, మాట తక్కువ. వాళ్ళకు పిల్లలు లేరు. ఎల్బీనగర్‌లో మెయిన్ రోడ్డు వెనక చిన్న ఇల్లు, ముందు గదిలో చెల్లి కర్రీ పాయింట్ పెట్టింది. దొండకాయ వేపుడు, గోంగూర పప్పు, సాంబారు. ఆఫీసుల నుంచి వచ్చేవాళ్ళు, హాస్టళ్ళలో ఉండే ఆడపిల్లలు ప్యాకెట్లు పట్టుకుపోయేవాళ్ళు. అత్తింటి యాస సగం, మా ఇంటి యాస సగం కలిపి మాట్లాడేది. "ఏందమ్మా, నిన్న రాలేదు, ఏమైంది" అని ఒకరిని, "ఇంకొంచెం పప్పు వెయ్యనా తల్లీ" అని ఇంకొకరిని. నేను ఆదివారాలు వెళ్ళేదాన్ని. నాకు నిలబడే పని ఉండేది కాదు, స్టూలు మీద కూచుని చూస్తూ ఉండేదాన్ని. అంత హాయి నాకు ఇంకెక్కడా లేదు.

ఒకసారి దానికి విషజ్వరం వచ్చి తగ్గింది. తగ్గాక కూడా ఆయాసం పోలేదు. మెట్లెక్కితే నిలబడిపోయేది, పాదాలు వాచాయి. నిలబడి వండుతున్నందుకనుకున్నాం. మరిది బలవంతం మీద దవాఖానకు పోతే గుండెకు ఎకో స్కాన్ తీశారు. నేనూ వెళ్ళాను. గుండె డాక్టరు చిన్నవాడే, నెమ్మదిగా మాట్లాడతాడు. "గుండె పంపింగ్ ఇరవై ఎనిమిది శాతం ఉందమ్మా" అన్నాడు.

మరిది మొహం పాలిపోయింది. "నూటికి ఇరవై ఎనిమిదేనా సార్? మిగతా డెబ్బై రెండు పోయినట్టేనా?"

చెల్లి ఏడవలేదు. నావైపు తిరిగి, "అక్కా, మళ్ళీ అదే మార్కు చూడవే" అంది.

అప్పుడు నాకు నా చదువు అక్కరకొచ్చింది. డాక్టరు చెప్పేలోపు నేనే అందుకున్నాను. ఎవరి గుండెకూ నూటికి నూరు రాదు. గుండె తనలో నిండిన నెత్తురంతా ఒక్క దెబ్బకు బయటకు తోసెయ్యదు, దిట్టంగా ఉన్నవాళ్ళ గుండె కూడా అరవై దాకానే తోస్తుంది. కాబట్టి దీన్ని నూటితో పోల్చకూడదు, అరవైతో పోల్చాలి. అరవైలో ఇరవై ఎనిమిదంటే సగానికి కొంచెం తక్కువ. డాక్టరు తలూపాడు. మరిది ఊపిరి పీల్చుకున్నాడు. సగం అనే మాటలో ఎంత ధైర్యం ఉందో నేను ఆ రోజే చూశాను. అతను దారంతా "సగముందట, సగముందట" అని తనలో తాను అనుకుంటూనే ఉన్నాడు.

డాక్టరు ఇంకోమాట కూడా చెప్పాడు. మందులు వాడి చూద్దాం, కొన్ని నెలల తరవాత మళ్ళీ ఎకో తీద్దాం. పంపింగ్ ముప్పై ఐదు దాటితే సరే. దాటకపోతే గుండె ఉన్నట్టుండి లయ తప్పే ప్రమాదం ఉంటుంది, అలా తప్పినప్పుడు షాక్ ఇచ్చి దారిలో పెట్టే చిన్న పెట్టెను భుజం ఎముక కింద చర్మంలో అమర్చాలి.

"ముప్పై ఐదేనా డాక్టరుగారూ?" అంది చెల్లి. "కచ్చితంగా ముప్పై ఐదే అన్నారా?"

"అవునమ్మా, ఎందుకు?"

"ఏం లేదండి. నాకు తెలిసిన నంబరే."

ఆ నెలలు అది సప్లిమెంటరీకి చదివినట్టే గడిపింది. మందుల వేళ తప్పలేదు. నీళ్ళు కొలత ప్రకారం తాగింది. ఉప్పు మానేసింది. కూరలమ్మేదానికి ఉప్పు మానెయ్యడమంటే మాటలా. తన నాలుకకు చప్పిడి అలవాటైపోయి, గిరాకీకి వండే కూరల్లో ఉప్పు సరిపోయిందో లేదో తెలిసేది కాదు. ఆదివారం నేను గడపలో కాలు పెట్టడం ఆలస్యం, గరిటెతో కాస్త కూర నా చేతిలో వేసేది. "ఉప్పు చూడవే అక్కా, నిన్న ఎవరో తిట్టుకున్నారు." మిగతా రోజుల్లో మరిదే చూసేవాడు. అతనికి అన్నీ బాగానే ఉంటాయి, ఏం చూస్తాడు పాపం. మంగళవారాలు కర్మన్‌ఘాట్ పోయి హనుమంతుడి చుట్టూ తిరిగొచ్చేవాడు, వ్యాను సందులో ఆపి.

రెండో ఎకోలో ముప్పై ఆరు వచ్చింది.

దాని మొహం చూడాల్సింది. పదో తరగతి పిల్ల కూచుంది ఆ కుర్చీలో. డాక్టరు కూడా నవ్వాడు. "మందులు బాగా పనిచేశాయమ్మా. కానీ ఒక మాట. ముప్పై ఆరు అని రాశాం గానీ ఇది కంటితో చూసి వేసే అంచనా. ఇదే గుండెను ఇంకొకరు చూస్తే ముప్పై రెండు అనొచ్చు, నలభై అనొచ్చు. నువ్వు గీత మీద ఉన్నావు. ఇంకో పరీక్ష ఉంది, అది చేయించి, పెట్టె సంగతి అప్పుడు తేల్చుకుందాం. నా మటుకు పెట్టించుకోవడమే మంచిదనిపిస్తోంది."

"అంటే పాసా ఫెయిలా చెప్పండి."

"పాసే అనుకోమ్మా, కానీ..."

ఆ కానీ తరవాత డాక్టరు ఏమన్నాడో చెల్లి వినలేదు. బయటికొచ్చి మరిది చెయ్యి పట్టుకుని, "పాసైన" అంది అతని యాసలోనే. అతను అక్కడే దవాఖాన మెట్ల మీద కూచుండిపోయాడు. ఆ సాయంత్రం కర్రీ పాయింటుకు వచ్చినవాళ్ళందరికీ ప్యాకెట్టుతో పాటు మైసూర్ పాక్ ముక్క పెట్టింది. ఎందుకని అడిగినవాళ్ళకు పాసయ్యాననే చెప్పింది. ఏం పరీక్షని ఎవరో అడిగితే నవ్వేసింది.

నేను ఊరుకోలేదు. ఊరుకునే మనిషిని కాదు. మరుసటి ఆదివారం దాన్ని కూచోబెట్టాను, చిన్నప్పటిలాగే. మార్కులు వేరు, కొలత వేరు అని చెప్పాను. మార్కులు ఒక్కొక్కటీ లెక్కపెట్టి వేస్తారు, ముప్పై ఆరంటే ముప్పై ఆరే. గుండెది అలా కాదు, ముప్పై ఆరంటే దాని చుట్టుపక్కల ఎక్కడో అని అర్థం. సాంబారు గిన్నె చూపించాను. "ఇందులో ఎంతుంది?"

"సగం."

"కచ్చితంగా సగమేనా? సగానికి నాలుగు గరిటెలు తక్కువుండొచ్చుగా?"

"ఉంటే ఏంది? వచ్చినవాళ్ళకు సరిపోతే సరిపోయినట్టేగా."

"సరిపోకపోతే?"

"అప్పుడు చారు పెడతా." నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మరిది వాకిట్లో వ్యాను కడుగుతున్నాడు. అక్కడినుంచే అన్నాడు. "మంచిగైంది గద వదినా. డాక్టర్లు గట్లనే అంటరు. మంచిగున్న మనిషికి కోత ఎందుకు చెప్పుండ్రి. గా డబ్బ ఎప్పుడు షాక్ కొడ్తదో అని అది పొయ్యి కాడ నిలవడనే నిలవడదు."

నేను గొంతు పెంచాను. అంకెలు చెప్పాను, గీత గీసి చూపించాను. ఎంతమందికి అర్థమయ్యేలా చెప్పానో ఇన్నేళ్ళలో, వాళ్ళు ఎక్కడెక్కడో బ్యాంకుల్లో కూచుని పనిచేసుకుంటున్నారు. ఇంట్లో నా చెల్లెలికి మాత్రం ఎక్కించలేకపోయాను. చివరికి అది నా చేతిలోని పెన్ను మెల్లగా లాక్కుని పక్కన పెట్టింది.

"నీకు అర్థం కాదక్కా. నువ్వెప్పుడూ ఫెయిలవ్వలేదు. మొదటిసారి డాక్టరు లయ తప్పొచ్చని చెప్పినప్పటి నుంచి రాత్రుళ్ళు గుండె చప్పుడు లెక్కపెట్టుకుంటూ పడుకున్నా. ఇప్పుడిప్పుడే మానేశా. ఇంకో పరీక్షంటే మళ్ళీ మొదలు. కొన్నాళ్ళు పాసై ఉండనివ్వవే."

దాని గొంతులో బతిమాలడం ఉంది. చిన్నప్పుడు కూడా అది నన్ను ఎన్నడూ బతిమాలలేదు, అలిగేది అంతే. నేను కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. చలికాలం వెళ్ళాక ఇంకోసారి అడుగుదామనుకున్నాను.

చలికాలం వెళ్ళలేదు. ఒక పొద్దున నేను క్లాసులో ఉన్నాను. ఒక సంఖ్య ఇరవై శాతం తగ్గి, తిరిగి ఇరవై శాతం పెరిగితే ఎంతవుతుంది, అదీ లెక్క. అందరూ మొదటికే వస్తుందంటారు. రాదు. నూరు ఎనభై అవుతుంది, ఎనభైలో ఇరవై శాతం పదహారే, తొంభై ఆరు దగ్గర ఆగిపోతుంది. పోయేటప్పుడు పెద్దదాంట్లోంచి పోతుంది, వచ్చేటప్పుడు చిన్నదాంట్లోంచి రావాలి, అందుకని పోయినంతా రాదు అని చెబుతున్నాను. ఫోను మోగింది. చెల్లి పక్కింటామె. "మేడం, జల్ది రాండ్రి. మీ చెల్లె పోపు పెడ్తా పెడ్తా పడిపోయింది. లేస్తలేదు."

మెట్రోలో వెళ్ళానో ఆటోలో వెళ్ళానో నాకు గుర్తులేదు. దవాఖాన చేరేసరికి అయిపోయింది. మరిది స్కూలు పిల్లలను దించి, ఖాళీ వ్యానుతోనే వచ్చాడు. చెల్లి చేతికి ఇంకా పసుపు అంటుకుని ఉంది. నేను తుడవబోతే నర్సు ఉండనివ్వండమ్మా అంది. అప్పుడు ఏడిచాను, అంతమందిలో, పెద్దగా.

తరవాత ఒక రోజు నేనొక్కదాన్నే ఆ గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఎవరి మీదా అరవడానికి కాదు. ఆయన చెప్పవలసింది చెప్పాడు, మేం విననిది మేం వినలేదు. ఒక్క సంగతి తెలుసుకోవాలని వెళ్ళాను. ఆ పెట్టె ఉండి ఉంటే నా చెల్లెలు బతికేదా?

ఆయన చేతిలో పెన్ను టేబులు మీద పెట్టేశాడు. "ఇలా ఉన్నట్టుండి పోవడాన్ని ఆపడానికే ఆ పెట్టె అమ్మా. నూటికి ఇంతమందిని కాపాడుతుందని మాకొక లెక్క ఉంటుంది" అని ఆ అంకె చెప్పాడు. అది చిన్న అంకె కాదు. ఇక్కడ రాయను. "కానీ అది నూరుమంది లెక్క. మీ చెల్లెలు ఆ నూరుమందిలో ఏ వైపు ఉండేదో ఎవరూ చెప్పలేరు."

"నాకు నూరుమంది చెల్లెళ్ళు లేరు డాక్టరుగారూ" అన్నాను. "ఒక్కతే."

ఆయన మంచినీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపాడు. తాగి వచ్చేశాను. ఆ అంకె మాత్రం నాతోనే వచ్చింది. క్లాసులో ఎవరైనా జవాబుగా అదే అంకె చెబితే నా చెయ్యి బోర్డు మీద ఆగిపోయేది.

కర్మకాండలన్నీ అయ్యాక చుట్టాలు నల్లగొండ వెళ్ళిపోయారు. మరిది ఒక్కడే మిగిలాడు. కర్రీ పాయింటు షట్టరు దించేసి ఉంది. వచ్చినవాళ్ళు తట్టి, విషయం తెలిసి, ప్యాకెట్టు లేకుండా తిరిగిపోయేవాళ్ళు. అతను వ్యానుకు వెళ్ళడం మొదలుపెట్టాడు గానీ తిండి సరిగా తినడం లేదని పక్కింటామె చెప్పింది. నేను ఆదివారం వెళ్ళి వంట చేశాను. అదే పొయ్యి, అవే గిన్నెలు. అన్నం, పప్పు పెట్టి అతని ముందు కూచున్నాను. కళ్ళు గుంటలు పడ్డాయి. కంచంలో వేళ్ళు పెట్టాడు, తీశాడు.

"వదినా, ఒకటడుగుత. నిజం చెప్పాలె."

"అడుగు."

"గా డబ్బ పెట్టిస్తే బతుకుతుండెనా అది? కోత ఎందుకన్నది నేనే గద. మీరు నచ్చజెప్తుంటే అడ్డం మాట్లాడింది నేనే. గదే తిరుగుతాంది తలకాయల. మీరు లెక్కల మేడం, మీకు తెలుస్తది. డాక్టరును గూడ కలిసిండ్రంట. నూటికి ఎంత ఉండెనో చెప్పుండ్రి."

ఆ అంకె నా నాలుక మీదే ఉంది. ఇన్నేళ్ళలో ఒక జవాబును అటో ఇటో జరపడం నేను ఎరగను. దశాంశ స్థానం తప్పితే పిల్లల్ని నిలబెట్టి చీవాట్లు పెట్టినదాన్ని. అతని కంచంలో అన్నం కలపకుండానే చల్లారుతోంది.

"సున్నా" అన్నాను.

"ఏంది?"

"సున్నా. డాక్టరునే అడిగాను. ఆ పెట్టె ఉన్నా అంతే, ఏమీ చేసేది కాదు అన్నాడు. నువ్వు వద్దన్నందుకు కాదు, కావాలన్నా ఆగేది కాదు."

"సున్నానా వదినా? ఒక్క శాతం గూడ లేకుండెనా?"

"ఒక్క శాతం కూడా లేదు."

అతను నా మొహంలోకి చూశాడు. నేను కళ్ళు దించలేదు. చివరికి అతని కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి, మోచేత్తో తుడుచుకుని, కంచం దగ్గరికి లాక్కుని అన్నం కలుపుకున్నాడు.

"ఇంకొంచెం పప్పు వెయ్యుండ్రి" అన్నాడు. వేశాను.